గాజు బాబాయి ఈమెయిల్ పెట్టుకున్న వారం

ఆయన్ని యూనివర్సిటీలో అందరూ గాజు బాబాయి అనే పిలుస్తారు. కెమిస్ట్రీ భవనం వెనకాల, సైకిళ్ళ షెడ్డు పక్కన, ఒక పొడుగాటి గది ఉంది. ఇరవై ఏడేళ్ళుగా ఆయన ఆ గదిలో కూచుని గాజు ఊదుతున్నాడు. లాబుల్లో వాడే ఫ్లాస్కులూ, మెలికల గొట్టాలూ, బజారులో ఎంత వెతికినా దొరకని వంకరటింకర సామానూ అన్నీ ఆయన చేతిమీదుగా రావాల్సిందే. ఎవరైనా వచ్చి కాగితం మీద ఓ పిచ్చిబొమ్మ గీసి "బాబాయ్, ఇలాంటిదొకటి కావాలి" అంటే చాలు, ఆ బొమ్మని నిలువుగా ఓసారి, తలకిందులుగా ఓసారి చూసి "ఎల్లుండి రా" అంటాడు. ఎల్లుండికి అది బల్లమీద ఉంటుంది. అంతటి మొనగాణ్ణి పట్టుకుని ఒక ఈమెయిల్ ప్రోగ్రాం మూడు చెరువుల నీళ్ళు తాగించిందంటే మీరు నమ్మాలి మరి!

ఆయన పని పద్ధతి ముందు చెప్పకపోతే ఈ గొడవ మీకు అర్థం కాదు. వెనకటి రోజుల్లో ఎవరికేం కావాలన్నా చీటీ రాసి ఇచ్చేవాళ్ళు. బాబాయి దాన్ని గోడ మేకుకి గుచ్చేవాడు. వస్తువు తయారయ్యాక చీటీ పీకి, చింపి, మంటలో పడేసేవాడు. "అయిపోయిన పని మొహం మళ్ళీ చూడకూడదు. చూస్తే తర్వాతి దానిమీద చెయ్యి నిలవదు" అనేవాడు. ఎవరు చెప్పారో, ఏ గురువు నేర్పాడో తెలీదు గానీ, అదొక్కటీ ఆయనకి శాసనం.

పదకొండేళ్ళ కిందట పైవాళ్ళొచ్చి, ఇకమీదట కాగితాలు వద్దు, అంతా ఈమెయిల్లోనే అన్నారు. మేకు పీకేశారు. గదిలో ఉన్న ఒక్క రిజిస్టరూ పట్టుకుపోయారు. ఒక కంప్యూటర్ తెచ్చి, మంటకి దూరంగా, కిటికీ దగ్గర పెట్టారు. బాబాయి దాని దగ్గర మూడంటే మూడు పనులు నేర్చుకున్నాడు. వచ్చిన ఉత్తరం తెరవడం, పని అయ్యాక జవాబు కొట్టడం, ఆ వెంటనే వచ్చిన ఉత్తరాన్ని తుడిచెయ్యడం. జవాబు కూడా పదకొండేళ్ళుగా ఒకటే. "అయింది. వచ్చి తీసుకెళ్ళండి. మెడ పట్టుకోకండి, అడుగున చెయ్యి పెట్టండి." అంతకుమించి ఆయన ఆ పెట్టె జోలికి పోలేదు, అదీ ఆయన జోలికి రాలేదు.

సోమవారం పొద్దున వచ్చిపడింది తంటా. ఒకటి కాదు, రెండు ఉత్తరాలు కలిసొచ్చాయి.

మొదటిది కంప్యూటర్ సెంటర్ నుంచి. పాత ఈమెయిల్ పేజీ మంగళవారంతో మూసేస్తున్నాం, ఇకనుంచి ఎవరి కంప్యూటర్లో వాళ్ళు మెయిల్ ప్రోగ్రాం తెరిచి, తమ యూనివర్సిటీ ఖాతాని అందులో పెట్టుకోవాలి, మీ పాత ఉత్తరాలన్నీ అందులోకి దిగుతాయి అని. కింద రెండు పేజీల వివరాలు. రెండోది స్థలాల కమిటీ నుంచి. గాజు పనిగది ఇంకా అవసరమా కాదా తేల్చాలి. గత అయిదేళ్ళలో చేసిన పనుల జాబితా, ఎవరు అడిగారో రుజువుతో సహా, శుక్రవారం సాయంత్రం నాలుగు లోపల పంపండి. యూనివర్సిటీ ఖాతా నుంచి వచ్చినదే లెక్కలోకి వస్తుంది. రాకపోతే గదిని సామాన్ల స్టోరుకి ఇచ్చేస్తాం.

బాబాయి రెండిటినీ ఆఫీసులో కాగితం మీద అచ్చు వేయించుకుని, రెండోదాన్ని మూడుసార్లు చదివాడు. రుజువట! అడిగిన ఉత్తరాలన్నీ తన చేత్తో తనే తుడిచేశాడాయె. చేసిన సామానా, అది గాజు. ఏడాది తిరిగేలోపు ఎవరో ఒకరు పగలగొడతారు. ఇరవై ఏడేళ్ళు ఈ గదిలో ఏం చేశావయ్యా అంటే, చూపించడానికి ఒక పెంకు కూడా లేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఆ మాటే వాళ్ళావిడతో అన్నాడు. ఆవిడ టైలరు. ఇంటి ముందుగదిలోనే మిషను. ఈ విషయంలో మొగుడూ పెళ్ళాలు తూర్పూ పడమరా. ఆవిడ ఎవరి కొలతల చీటీ పారెయ్యదు. పదేళ్ళ కిందట కుట్టించుకున్న మనిషి మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడితే, దారంతో కట్టిన కట్టల్లోంచి వాళ్ళ చీటీ లాగి "అప్పటికీ ఇప్పటికీ నడుము రెండంగుళాలు పెరిగిందండీ" అని మొహం మీదే చెప్పే రకం.

"చెబితే విన్నారా? దాచుకోండి, దాచుకోండి అని మొత్తుకున్నాను" అంది. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?"

"నా చేతులు రోజూ కాలుతూనే ఉంటాయి, ఆకులెప్పుడూ పట్టుకోలేదు" అన్నాడు బాబాయి. నవ్వుదామనే అన్నాడు గానీ నవ్వు రాలేదు. "ఏమోయ్, ఆ గది పోతే నన్ను స్టోరులో పెన్నులూ పెన్సిళ్ళూ లెక్కపెట్టమంటారేమో. నాకు ఊదడం తప్ప ఇంకేం వచ్చు?" అన్నాడు.

ఆవిడ మిషను ఆపింది.

బాబాయికి ఉన్న ఆశల్లా ఒక్కటే. "పాత ఉత్తరాలన్నీ దిగుతాయి" అని ఆ కాగితంలో ఉందిగా. అన్నీ అంటే అన్నీ కదా? తుడిచినవి కూడా ఏ మూలో ఉండి, దిగితే దిగొచ్చు కదా? బుధవారం పొద్దున్నే వచ్చి, మంట కూడా వెలిగించకుండా కంప్యూటర్ ముందు కూచున్నాడు.

ప్రోగ్రాం పేరు అడిగింది, చెప్పాడు. చిరునామా అడిగింది, చెప్పాడు. పాస్‌వర్డ్ అడిగింది, అదీ చెప్పాడు. కాసేపు గిరగిరా తిరిగి, కుదరదు పొమ్మంది. ఏం కుదరదో చెప్పదు! మళ్ళీ ఇచ్చాడు. మళ్ళీ పొమ్మంది. అరగంట తర్వాత రెండో పేజీ అడుగున సన్నటి అక్షరాల్లో కనిపించింది. యూజర్ పేరు అన్నచోట చిరునామా కాదు, ఉద్యోగి నంబరు రాయాలట. మరి ఆ ముక్క పైన ఏడిస్తే వీళ్ళ సొమ్మేం పోయింది? తాళంచెవుల గుత్తికి ఉన్న ఇత్తడి బిళ్ళమీద నంబరు సగం అరిగిపోయి ఉంటే, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చదివి కొట్టాడు.

ఈసారి ఇంకో ప్రశ్న వేసింది. పాపా, ఐమాపా?

"ఇద్దరూ ఎవరో నాకు తెలీదు" అన్నాడు బాబాయి పైకే.

కాగితంలో రెండిటికీ చెరో వాక్యం ఉంది. పాప్ అయితే ఉత్తరాలు మీ కంప్యూటర్లోకి వచ్చేస్తాయి. ఐమాప్ అయితే ఉత్తరాలు సర్వర్లోనే ఉంటాయి, మీరు ఇక్కణ్ణించి చూస్తారు. బాబాయి క్షణం కూడా ఆలోచించలేదు. వస్తువు తన బల్లమీద ఉండాలి గానీ, ఎక్కడో ఉంటే ఇక్కణ్ణించి చూడ్డమేమిటి? పాపే పెట్టాడు.

అది ఒప్పుకుంది. గంట మోగినట్టు చిన్న చప్పుడైంది. బాబాయి ముందుకి వంగాడు. ఉత్తరాలు దిగాయి. ఎన్ని? రెండు. ఒకటి కంప్యూటర్ సెంటర్‌ది, ఇంకోటి కమిటీది. పదకొండేళ్ళ చాకిరీకి ఆ రెండే మిగిలాయి.

మధ్యాహ్నం కంప్యూటర్ సెంటర్‌కి ఫోన్ చేశాడు. అక్కడ ఫోనెత్తే ఆయనకి పద్ధతి సార్ అని పేరు. ఏది అడిగినా "దానికో పద్ధతుందండీ" అని మొదలెడతాడు.

"నా ఈమెయిల్‌లో పాత ఉత్తరాలు దిగడం లేదు సార్" అన్నాడు బాబాయి.

"దానికో పద్ధతుందండీ. మీ సమస్య వివరంగా రాసి మాకు ఈమెయిల్ పంపండి."

"సమస్యే ఈమెయిల్ సార్!"

"అవునండీ, అదే రాయండి."

బాబాయి ఫోన్ పెట్టేశాడు. ఏదైతే అదైందని ఒక ఉత్తరం రాసి పంపబోయాడు. అదీ వెంటనే పోకుండా గిరగిరా తిరుగుతోంది! అప్పుడు తోచింది ఆయనకి అసలు సంగతి. కనీసం తోచిందనుకున్నాడు. కాగితంలో వచ్చే ఉత్తరాలకి ఒక నంబరు ఉంది, తొమ్మిది వందల తొంభై అయిదు. పోయే ఉత్తరాలకి ఇంకో నంబరు, అయిదు వందల ఎనభై ఏడు. ఓరి వీళ్ళ తెలివి మండా! అని తొడ చరుచుకున్నాడు. గాజు పనిలో చేరిన మొదటివారంలోనే నేర్చుకునే సంగతది. ఒక గొట్టం మూతి ఇంకో గొట్టం మూతిలో కూచోవాలంటే సైజు కలవాలి, వెంట్రుకవాసి తేడా వచ్చినా కారుతుంది. వచ్చే మూతి ఇంత వెడల్పు, పోయే మూతి అంత ఇరుకు పెడితే నిలుస్తుందా? చదువుకున్నవాళ్ళు, సైజులు కూడా చూసుకోరు!

చక్కగా రెండోది కూడా తొమ్మిది వందల తొంభై అయిదు చేసి, తృప్తిగా మూతి తుడుచుకున్నాడు.

ఇక చూస్కోండి. తర్వాత పోవడమన్న మాటే లేదు. కొట్టిన ఉత్తరం కొట్టినట్టే నిలబడిపోయింది. గురువారమంతా ఖాతా తీసేసి మళ్ళీ పెట్టాడు, తీసేసి మళ్ళీ పెట్టాడు. కంగారులో పాస్‌వర్డ్ ఒక అక్షరం అటూ ఇటూ పడుతోంది. నాలుగోసారి తన మీద తనకే అనుమానం వచ్చి, పాత పాస్‌వర్డులన్నీ వరసగా కొట్టి చూశాడు. కరుగుతున్న గాజు చేతిలో ఉంటే చిటికెన వేలు కూడా వణకని మనిషికి, ఆ పెట్టె ముందు చెమటలు పట్టాయి. వేడి గాజూ చల్ల గాజూ కంటికి ఒక్కలాగే ఉంటాయి, దగ్గరగా చెయ్యి పెట్టి తెలుసుకోవాలి. దీని దగ్గర ఎక్కడ చెయ్యి పెట్టాలో ఆయనకి తెలియలేదు. సాయంత్రానికి తెరమీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. ఖాతాకి తాళం పడింది.

శుక్రవారం వాళ్ళావిడ మిషనుకి గుడ్డ కప్పి, మధ్యాహ్నం భోజనం డబ్బా పట్టుకుని తనే వచ్చింది. ఇంట్లో కూచుంటే కుట్టు వంకరపోతోందట. గదిలో మంట లేదు. బాబాయి కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. ఆ చేతులు ఊరికే ఉండగా ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"తినండి ముందు" అంది.

ఆయన డబ్బా మూత తీశాడో లేదో, తలుపు దబాలున తెరుచుకుంది. ఒక పొట్టి మనిషి, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో కాగితాల దొంతర, లోపలికొచ్చి నలుమూలలా చూశాడు.

"ఎవరండీ ఇక్కడ? నిన్నటినుంచి ఈ కంప్యూటర్ మీద కూచుని ఎవడో ఒక ఉద్యోగి ఖాతాలోకి దూరాలని చూస్తున్నాడు. యాభై మూడుసార్లు! దొంగని స్వయంగా పట్టుకుందామని వచ్చాను."

"నేనేనండీ" అన్నాడు బాబాయి లేచి నిలబడి. "ఆ ఉద్యోగినీ నేనే, దొంగనీ నేనే."

గొంతు విని బాబాయి గుర్తుపట్టాడు, ఫోన్లో పద్ధతి సార్ ఈయనేనని. పద్ధతి సార్ కంప్యూటర్ దగ్గరికెళ్ళి, అద్దాలు నుదిటిమీదకి తోసి చూశాడు. చూసి, ఇంకా దగ్గరగా చూశాడు.

"పోయేదానికి తొమ్మిది వందల తొంభై అయిదు ఎవరు పెట్టారు?"

"నేనే. మీరు సైజు కలపడం మర్చిపోయారు" అని బాబాయి, పాపం, బల్లమీంచి రెండు గొట్టాలు తీసి, ఒకదాని మూతిలో ఇంకోటి బిగించి మరీ చూపించాడు.

పద్ధతి సార్ నవ్వాడు. ఎంతలా నవ్వాడంటే కుర్చీ పట్టుకోవాల్సొచ్చింది. "ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇలాంటిది చూళ్ళేదండీ! అవి సైజులు కావు బాబూ, గది నంబర్లు అనుకోండి. వచ్చేవాళ్ళకొక గది, పోయేవాళ్ళకొక గది. కలపక్కర్లేదు."

"ఆ మాట కాగితంలో రాయొచ్చుగా!" అంది వాళ్ళావిడ.

పద్ధతి సార్ నవ్వు ఆగింది. గొంతు సవరించుకుని, "తాళం తియ్యడానికి ఒక పద్ధతుందమ్మా. దరఖాస్తు ఇస్తే ఇరవై నాలుగు గంటలు" అన్నాడు.

గోడ గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది. బాబాయి కమిటీ కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాడు. పద్ధతి సార్ చదువుతుంటే వాళ్ళావిడ అడిగింది, "దొంగ భయంతో కదండీ తాళం వేశారు? దొంగ దొరికాడుగా. మీరే పట్టుకున్నారు. ఇంకా తాళమెందుకు?"

పద్ధతి సార్ తన ఆఫీసుకి ఫోన్ చేసి రెండు ముక్కలు మాట్లాడాడు. తాళం తెరుచుకుంది. నంబరు సరిచేశాడు. కానీ ఉత్తరాలు? అవే రెండు.

"తుడిచినవి ముప్పై రోజులు దాటితే శాశ్వతంగా పోతాయండీ" అన్నాడు. ఈసారి ఆయన గొంతులో పద్ధతి లేదు, జాలే ఉంది. "చెయ్యగలిగిందేం లేదు."

బాబాయి తలూపాడు. అనుకున్నదే. గది చుట్టూ ఒకసారి చూశాడు. బల్ల, మంట గొట్టం, గోడవారగా పేర్చిన పొడుగాటి గాజు కడ్డీలు. వీటినెక్కడ పెడతారో అనుకున్నాడు.

వాళ్ళావిడ మాత్రం తెరవంకే చూస్తోంది. "ఏవండీ, ఓ మాట. వాళ్ళు అడిగిన చీటీలు మీరు చింపేశారు, సరే. మీరు రాసిన జవాబుల సంగతేంటి? అవి ఎవరు చింపారు?"

"అవి నా దగ్గరెందుకుంటాయోయ్? పంపేశానుగా!"

"నేను బట్ట ఇచ్చేసినా చీటీ నా దగ్గరే ఉంటుంది. ఈయన్ని అడగండి."

పద్ధతి సార్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "మీరు పెట్టింది పాప్ కదూ?" అన్నాడు నెమ్మదిగా. "పాప్ గుమ్మంలో ఉన్నవాటినే తెస్తుందమ్మా, లోపలి గదుల్లోకి పోదు." మాట పూర్తికాకుండానే పాప్ తీసేసి ఐమాప్ పెట్టాడు.

ఎడంపక్కన వరసగా పేర్లు దిగాయి. వచ్చినవి, చిత్తుప్రతులు, పంపినవి, చెత్తబుట్ట. పంపినవి అన్నదాని పక్కన అంకె మొదలైంది. నలభై. నూట పది. మూడు వందలు. అంకె పైకి పోతూనే ఉంది. పద్నాలుగు వందల పన్నెండు దగ్గర ఆగింది.

బాబాయి ఒకటి తెరిచాడు. "అయింది. వచ్చి తీసుకెళ్ళండి. మెడ పట్టుకోకండి, అడుగున చెయ్యి పెట్టండి." దాని కింద, జవాబుకి అతుక్కుని, తను తుడిచేసిన ఉత్తరం. తేదీ, పేరు, లాబు, "బాబాయ్, రెండు మెడల ఫ్లాస్కు కావాలి, ఒక మెడ పక్కకి వంచి" అని బొమ్మతో సహా! ఇంకోటి తెరిచాడు. అదే జవాబు, కింద ఇంకెవరో. ఇంకోటి. ఇంకోటి. పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆయన పని.

"ఇది నేనే చేశాను" అన్నాడు, ఎవరో కాదన్నట్టు. "ఇదిగో, ఇదీ నేనే. ఈ పిల్ల ఎంత కంగారు పడిందో, రెండుసార్లు పగలగొట్టుకుంది. ఇదీ నేనే." కళ్ళలో నీళ్ళు తిరిగితే, పొగ కూడా లేని గదిలో పొగ తగిలినట్టు తుడుచుకున్నాడు. వాళ్ళావిడ చూసీ చూడనట్టు డబ్బా సర్దింది.

అయిదేళ్ళవి ఏరితే ఆరు వందల ముప్పై ఎనిమిది తేలాయి. ఒక్కసారిగా పోవు, దానికో పద్ధతుందన్నాడు పద్ధతి సార్. యాభయ్యేసి చొప్పున కట్టలు కట్టి పంపారు. కట్టలు కట్టడం ఆవిడకి కొత్తా? ఆవిడ లెక్క చెబుతుంటే, పద్ధతి సార్ ఏరుతుంటే, బాబాయి పంపే మీట నొక్కాడు. జాబితా ఏం రాయాలో తోచక మొదటిదాని పైన ఒక్క ముక్క రాశాడు, "నేను చేసినవి ఇవి. వస్తువులు పగిలిపోయి ఉంటాయి, ఏమీ అనుకోకండి." పదమూడో కట్ట పోయేసరికి నాలుగుకి ఇంకా ఎనిమిది నిమిషాలుంది. చల్లారిన అన్నం ముగ్గురూ పంచుకు తిన్నారు.

శని, ఆదివారాలు ఎలా గడిచాయో అడక్కండి. సోమవారం పొద్దున ఆవిడ కూడా వెంట వచ్చింది, మిషను రిపేరుకిచ్చానని అబద్ధమాడి. బాబాయి ప్రోగ్రాం తెరిచాడు. గంట మోగింది. కమిటీ పెద్ద మేడమ్ దగ్గర్నుంచి ఒకే ఒక్క ఉత్తరం. ఆవిడెవరో బాబాయి ఎన్నడూ చూసి ఎరగడు. ఆరు వందల ముప్పై ఎనిమిదీ చదివినట్టుంది మహాతల్లి.

"మీ గది మీకే ఉంటుంది. ఉత్తర్వు కాగితం అయింది. వచ్చి తీసుకెళ్ళండి. మెడ పట్టుకోకండి, అడుగున చెయ్యి పెట్టండి."

బాబాయి వెళ్ళి మంట వెలిగించాడు. నీలిమంట నిటారుగా నిలిచేదాకా చూసి, తిరిగొచ్చి మళ్ళీ చదివాడు. చదివి, అలవాటు కొద్దీ బాణం గుర్తుని తుడిచే మీట మీదకి తీసుకెళ్ళాడు.

"పని అయిపోయిందిగా, తీసెయ్యనా?" అన్నాడు.

"చెయ్యి వెయ్యండి, చెబుతాను!" అంది ఆవిడ.